ట్రిప్లికేన్‌లో గది: చెప్పే అద్దె ఒకటి, పడే ఖర్చు ఒకటి

మా అక్క కొడుక్కి చెన్నైలో, మౌంట్ రోడ్డు పక్కన ఒక ఆడిట్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. జీతం 18,000. సూళ్ళూరుపేట నుంచి లోకల్ రైళ్ళు ఉన్నాయి కదా, ఇంట్లో అన్నం తిని రోజూ వచ్చిపోవచ్చు అని మా అక్క ఆశ. ఎనభై కిలోమీటర్ల పైమాటే. రెండు వారాలు అలాగే తిరిగాడు. మూడో వారం నాకు ఫోన్ చేశాడు.

"మామా, ట్రిప్లికేన్‌లో ఒక చోట ఆరున్నర వేలకి రూము ఉందంట. అదే వీధిలో ఇంకో చోట ఏడు వేలే గానీ డెబ్భై వేలు అడ్వాన్స్ కట్టమంటున్నారు. ఇంకొకాయన అన్నం పెట్టి ఎనిమిది వేలంటున్నాడు. ఏంది మామా ఈ లెక్క?"

వాడి ప్రశ్న చిన్నదే. జవాబుకి మాత్రం రెండు ఆదివారాలు పట్టింది. పదహారేళ్ళుగా ఈ ఊళ్ళో అద్దెకుంటున్న నాకు కూడా అప్పటిదాకా ఒక విషయం స్పష్టంగా తట్టలేదు. ఊరి నడిబొడ్డున గది వెతికేవాడికి ముందు తెలియాల్సింది అద్దె ఎంతో కాదు, ఆ గదిలో తన పేరు ఏమిటో: అద్దెదారా, లాడ్జరా, హాస్టల్లో ఒక బెడ్డా, లేక ఇంకొకరి అద్దె ఇంట్లో తలదాచుకుంటున్న మనిషా? ఆ పేరును బట్టే అడ్వాన్స్ ఎంతో, కరెంటు బిల్లు ఎవరిదో, గొడవొస్తే ఏ ఆఫీసు మెట్లెక్కాలో తేలుతుంది.

ముందు ఊరి సంగతి. తిరువల్లికేణి అంటే కలువల కోనేరు. ఆ పేరునే ఇంగ్లీషువాళ్ళు ట్రిప్లికేన్ చేశారు. పార్థసారథి గుడి, పెద్ద మసీదు, జాంబజార్, పైక్రాఫ్ట్స్ రోడ్డు మీద పాత పుస్తకాల అంగళ్ళు అన్నీ కాలినడక దూరంలోనే. ఒక పక్క చేపాక్‌లో ఎళిలగం ప్రభుత్వ కార్యాలయాలు, మద్రాసు యూనివర్సిటీ, ప్రెసిడెన్సీ కాలేజీ. ఇంకో పక్క మౌంట్ రోడ్డు ఆఫీసులు, రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ కొట్లు, ఓమందూరార్ ఆసుపత్రి. ఇన్ని ఉద్యోగాలు, చదువులు, వైద్యాలు ఒకే చోట ఉంటే బయటూళ్ళ నుంచి ఒంటరిగా వచ్చే మగవాళ్ళు అక్కడికే చేరతారు. వాళ్ళ కోసం పుట్టినవే మాన్షన్లు. మన చెవికి మాన్షన్ అంటే పెద్ద భవంతి అనిపిస్తుంది. చెన్నైలో మాత్రం మాన్షన్ అంటే బ్రహ్మచారుల గదుల వరస.

వాణ్ణి తీసుకుని మొదట వెళ్ళింది అలాంటి చోటికే. మూడంతస్తుల పాత కట్టడం. మెట్ల కింద చిన్న బల్ల, దాని వెనక గోడకి నంబర్లు వేసిన తాళంచెవులు. మేనేజరుది మన నెల్లూరు వైపే. మా మాట వినగానే తెలుగులోకి మారాడు.

"ఏం నాయనా, ఒక్కడివేనా?"

"ఒక్కడినే అన్నా. ఉద్యోగం."

"రాత్రి పదకొండుకి గేటు వేసేస్తాం. గదిలో వంట లేదు. రెండో మనిషి పడుకుంటే చెప్పాల. చూసిరా పో, రెండో అంతస్తు."

పొడవాటి వరండా, రెండు వైపులా తలుపులు. గది వెడల్పు ఒక ఇనప మంచం, దాని పక్కన మనిషి నడిచే దారి, అంతే. గోడలో ఒక గూడు, తలుపు వెనక మేకులు, పైన పాత ఫ్యాను. కిటికీ ఉంది గానీ అది తెరుచుకునేది గాలి కోసం రెండు కట్టడాల మధ్య వదిలిన సందులోకి. పట్టపగలు పన్నెండింటికి కూడా లైటు వేయాల్సిందే. వరండా చివర నాలుగు స్నానాల గదులు, నాలుగు మరుగుదొడ్లు. ప్రతి తలుపు బయటా ఒక ప్లాస్టిక్ బకెట్, దాని మీద పెయింటుతో గది నంబరు. నేను తలుపులు లెక్కపెట్టాను, ఆ అంతస్తులో ఇరవై రెండు. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్య ఇరవై రెండు మందికి నాలుగు స్నానాల గదులంటే మనిషికి ఇరవై రెండు నిమిషాలు కూడా రావు. అది మాన్షన్ జీవితం. అందులో ఏళ్ళకేళ్ళు గడిపినవాళ్ళు ఉన్నారు, పెళ్ళి కుదిరాక గానీ కదలనివాళ్ళూ ఉన్నారు.

ఇలాంటి మాన్షన్లు తగ్గిపోతున్నాయి. 2020 లాక్‌డౌన్‌లో ఖాళీ అయిపోయిన గదుల్ని కొందరు ఓనర్లు బాగు చేయించి, బాత్‌రూమ్ కలిపి, రోజు లెక్కన ఇచ్చే లాడ్జీలుగా మార్చేశారు. ఆసుపత్రి పని మీద వచ్చేవాళ్ళు రోజుకి ఇచ్చే డబ్బు, నెలకి ఉండేవాడు ఇచ్చేదానికంటే ఎక్కువ కదా. అందుకని నెల అద్దెకి ఇచ్చే గది దొరికిందంటే దాని వెనక ఇంకో ప్రశ్న అడగాలి: ఎన్నాళ్ళు ఇస్తారు?

తాళం ఎవరి చేతిలో ఉంది

ఇక్కడే చట్టం వస్తుంది. పొడిగా ఉంటుంది గానీ దయచేసి దాటేయకండి, డబ్బంతా ఇక్కడే పోతుంది.

తమిళనాడులో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం పోయింది. దాని స్థానంలో 2017లో చేసిన కొత్త చట్టం 2019 ఫిబ్రవరి 22 నుంచి అమల్లో ఉంది. ఇల్లుగలవాళ్ళ, అద్దెదారుల హక్కులూ బాధ్యతలూ అనే పేరుతో వచ్చిన చట్టం అది. దాని ప్రకారం అద్దె ఒప్పందం కాగితం మీద ఉండాలి, రెంట్ అథారిటీ దగ్గర నమోదు కావాలి. డిప్యూటీ కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి ఆ రెంట్ అథారిటీ. నమోదు కోసం ప్రభుత్వ వెబ్‌సైటు కూడా ఉంది.

మరి పదకొండు నెలల అగ్రిమెంట్ మాటేమిటి? అది వేరే చట్టం నుంచి వచ్చిన అలవాటు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజుని సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరు చేయాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు నెలలకి రాసుకోవడం మొదలుపెట్టింది. తమిళనాడు కొత్త చట్టం మాత్రం గడువు ఎంతైనా రెంట్ అథారిటీ దగ్గర నమోదు చేయమంటుంది. అయినా స్టాంప్ పేపరు మీద పదకొండు నెలలు అని రాసి బీరువాలో పెట్టుకునే పద్ధతి పోలేదు. గొడవ వచ్చిన రోజున ఆ కాగితం బలం తక్కువని అప్పుడు తెలుస్తుంది.

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. ఈ చట్టం ఇచ్చే రక్షణలు హోటళ్ళకీ లాడ్జింగ్ హౌసులకీ వర్తించవు. లాడ్జింగ్ హౌసుగా నడిచే మాన్షన్లో ఉండేవాడు ఈ గొడుగు కింద లేడన్నమాట. అతను అద్దెదారు కాడు, అనుమతి మీద ఉంటున్న మనిషి. న్యాయభాషలో లైసెన్సీ. లీజుకి, లైసెన్సుకి తేడా 1882లోనే రాసిపెట్టారు. లీజు ఆస్తి బదిలీ చట్టంలో ఉంది, లైసెన్సు ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది.

మావాడికి నేను ఇలా చెప్పాను. గది నీకిచ్చాక తాళం ఎవరి చేతిలో ఉంటుందో చూడు. నువ్వు ఆఫీసులో ఉన్నప్పుడు ఓనరు నిన్ను అడక్కుండా లోపలికి వచ్చే వీలు లేకపోతే, ఆ గది మీద నీకే పూర్తి స్వాధీనం ఉంటే, అది లీజు వైపు మొగ్గుతుంది. మేనేజరు దగ్గర ఇంకో తాళంచెవి ఉండి, ఊడ్చేవాళ్ళు వచ్చిపోతూ, రేపు నిన్ను 14వ గది నుంచి 17వ గదికి మారమంటే మారాల్సి వస్తే, అది లైసెన్సు. కాగితం మీద ఏం రాశారన్నది ఒక్కటే తేల్చదు. 1959లో సుప్రీంకోర్టు ముందుకి ఢిల్లీ ఇంపీరియల్ హోటల్ గదుల కేసు వచ్చింది. క్షౌరశాల నడిపే వ్యక్తికి ఇచ్చిన గదులవి. కాగితం మీద లైసెన్సు అనే రాసుకున్నారు. కోర్టు ఆ పేరు పట్టుకోలేదు, అసలు ఏమి అప్పగించారో చూసి అది లీజే అని తేల్చింది. అందుకే ఇంటి పోర్షన్ ఇచ్చి, విడిగా తాళం ఇచ్చి, కాగితం మీద మాత్రం పీజీ, అంటే పేయింగ్ గెస్ట్, అని రాయించుకునే ఓనర్లు కనిపిస్తే భయపడాల్సిన పని లేదు.

పేరు తేలితే దారి తేలుతుంది. అద్దెదారైతే రెంట్ అథారిటీ, రెంట్ కోర్టు. వాళ్ళ ఉత్తర్వు లేకుండా సామాన్లు వీధిలో పడేయడానికి లేదు. వెళ్ళగొట్టడానికి నీళ్ళో కరెంటో ఆపేయడం కూడా కుదరదు. లాడ్జరు, హాస్టలరు అయితే వాళ్ళు డబ్బిచ్చి సేవ కొనుక్కున్న వినియోగదారులు. డిపాజిట్ తిరిగివ్వకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళవచ్చు. 5 లక్షల లోపు విలువైతే ఫీజు కూడా ఉండదు. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. ఉన్నపళంగా పొమ్మన్నా, సామాన్లు తీసుకుని వెళ్ళడానికి తగినంత సమయం ఇవ్వాలని ఆ 1882 ఈజ్‌మెంట్స్ చట్టమే అంటుంది. తక్కువ రక్షణే, కానీ సున్నా కాదు. మాన్షన్లో ఉండే కుర్రాళ్ళలో చాలామంది తమకి ఏ హక్కూ లేదనుకుని డిపాజిట్ వదిలేసుకుని పోతారు. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

నాలుగో రకం మనిషి గురించి ఒక మాట. అద్దెకున్నవాళ్ళు తమ ఫ్లాటులో ఒక గది ఖాళీగా ఉందని ఇంకొకరిని పెట్టుకుంటారు. ఓనరు రాతపూర్వకంగా ఒప్పుకోకుండా అలా మరొకరికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు. ఓనరు వచ్చి నువ్వెవరంటే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. స్నేహితుడి గదే అయినా ఓనరుకి ఒక మెసేజ్ పెట్టించి, ఆయన సరే అన్న జవాబుని దాచుకోండి.

నూటికి రెండు రూపాయలు

ఇప్పుడు డబ్బు. చెన్నైలో అడ్వాన్స్ అంటే పది నెలలు అనేది పాత అలవాటు. చట్టం మూడు నెలల అద్దె దాటకూడదంటుంది. కానీ ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే తప్ప, అనే మాట కూడా అందులోనే ఉంది. ఆ చిన్న సందులోంచే పది నెలలు ఇంకా నడుస్తున్నాయి. అయినా మూడు నెలలు అనే అంకె చేతిలో ఉంటే బేరం ఆడటానికి పనికొస్తుంది. ఆరు నెలలకి దిగినవాళ్ళు నాకు తెలుసు.

అడ్వాన్స్ తిరిగొచ్చే డబ్బే కదా అని అందరూ దాన్ని ఖర్చులో వేయరు. తప్పంతా అక్కడే జరుగుతుంది. మా అక్క ఆ డెబ్భై వేలు ఎక్కడ తెస్తుంది? ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీకి తేవాలి. నెలకి 1,400. ఏడు వేల గది అప్పుడే 8,400 అయింది. సొంత డబ్బు పెట్టినా అది ఒకరి దగ్గర వడ్డీ లేకుండా కూర్చున్నట్టే.

లెక్క కోసం మావాడు విన్న మూడు ధరలూ తీసుకుందాం. ఏడు వేల పోర్షన్, ఒక గది, సొంత బాత్‌రూమ్, మూల ఒక వంట గట్టు. అద్దె 7,000, అడ్వాన్స్ వడ్డీ 1,400. బ్రోకరుకి ఒక నెల అద్దె, అంటే పదకొండు నెలల మీద పంచితే నెలకి 636. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె పట్టుకుంటారు, అదీ 636. కరెంటు అరవై యూనిట్లు, ఓనరు సబ్ మీటరు లెక్కన యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే 480. నీళ్ళు, మెయింటెనెన్స్ 300. మొత్తం 10,452. వంట చేసుకుంటే తిండికి ఒక 3,500 వేసుకోండి. దాదాపు 14,000.

మాన్షన్ గది 6,500. రెండు నెలల అడ్వాన్స్ 13,000కి వడ్డీ 260. బ్రోకరు లేడు, కరెంటు అద్దెలోనే. కానీ వంట లేదు. మెస్సులో మూడు పూటలకి రోజుకి రెండు వందలంటే నెలకి 6,000. మొత్తం 12,760. పొద్దున పూట అమ్మ ఉణవగంలో తింటే ఇంకా తగ్గుతుంది. 2013లో మొదలైన ఆ ప్రభుత్వ భోజనశాలల్లో రూపాయికి ఇడ్లీ, ఐదు రూపాయలకి సాంబారన్నం పెడతారు. చేతిలో డబ్బు ఆడని నెలాఖరు రోజుల్లో నేనూ అక్కడ తిన్నాను, ఆ ఊరి మీద నాకున్న కృతజ్ఞతలో అదొక భాగం.

భోజనంతో కలిపి ఎనిమిది వేల హాస్టలు, గదికి ముగ్గురు. ఎనిమిది వేలు డిపాజిట్, అందులో రెండు వేలు తిరిగి రాదు. వడ్డీ 160, పోయే రెండు వేలు పంచితే 182. మొత్తం 8,342. డబ్బు వరకైతే ఇదే చవక. కాకపోతే దొరికేది గది కాదు, గదిలో ఒక మంచం. మావాడు సీఏ పరీక్షలకి చదువుకోవాలి. పక్క మంచం మీదవాడు రాత్రి రెండింటిదాకా ఫోన్లో ఆటలాడితే వాడి చదువు ఏమవుతుందో ఏ లెక్కలోనూ రాదు. ఒక విషయం గుర్తుంచుకోండి: హాస్టలు బిల్లులో జీఎస్టీ వేస్తే అడగండి. మనిషికి నెలకి 20,000 లోపు ఉండి, వరసగా 90 రోజులు ఉంటే ఆ వసతికి జీఎస్టీ లేదని 2024 జూలైలో ప్రభుత్వం స్పష్టంగా మినహాయింపు ఇచ్చింది.

తాంబరం వైపు ఇంకా చవక కదా అని మా అక్క అడిగింది. ఫ్లాటులో వాటా 4,500కి దొరికిందనుకున్నా, లోకల్ రైలు, షేర్ ఆటో, చివర్లో బస్సు కలిపి రోజుకి రెండున్నర గంటలు. నెలకి 26 రోజులు అంటే 65 గంటలు. పైగా ఆ దక్షిణం వైపు పల్లపు ప్రాంతాల్లో నేలమీది అంతస్తు తీసుకునేముందు 2015 డిసెంబర్ వరదలో, 2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుఫానులో అక్కడ నీళ్ళు ఎంత ఎత్తున నిలిచాయో పక్కింటివాళ్ళని అడగాలి. గోడ మీద మరక కూడా చెబుతుంది.

పెయింటింగ్ మాట మీద నేను కొంచెం ఆగాలి. ఈ ఊరికి వచ్చిన కొత్తల్లో నేను పశ్చిమ మాంబళంలో ఒక పోర్షన్‌లో రెండేళ్ళున్నాను. ఖాళీ చేసిన రోజు ఓనరు అడ్వాన్స్‌లో ఒక నెల అద్దె పెయింటింగ్‌కని, ఇంకో రెండు వేలు గీజరుకని పట్టుకున్నాడు. నేను దిగిన రోజున ఆ గోడలకి సున్నం వేసి లేదు. ఫోటో ఒక్కటి కూడా తీసుకోలేదు కాబట్టి చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. లెక్క కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇప్పుడున్న చట్టానికి ఒక అనుబంధం ఉంది, ఎవరి మరమ్మతు ఎవరిదో అందులో రాశారు. గోడలకి సున్నం, తలుపులకీ కిటికీలకీ రంగు, పైపులు మార్చడం, వైరింగ్, ఇవన్నీ ఇల్లుగలవాళ్ళ వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు రిపేరు లాంటి చిన్నవి అద్దెదారు వంతు. అంటే నా గీజరు రెండు వేలు న్యాయమే అయ్యుండొచ్చు, పెయింటింగ్ మాత్రం కాదు. బాకీలు మినహాయించుకుని మిగతా అడ్వాన్స్ ఖాళీ చేసిన నెలలోపు ఇచ్చేయాలని కూడా చట్టం చెబుతుంది.

కరెంటు, నీళ్ళు

తమిళనాడులో ఇళ్ళకి కరెంటు బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది. కరెంటు బోర్డుని జనం ఈబీ అంటారు. ప్రతి ఇంటి కనెక్షన్‌కీ మొదటి వంద యూనిట్లు ఉచితం, ఆ పైన వాడకం పెరిగేకొద్దీ రేటు మెట్లు మెట్లుగా ఎక్కుతుంది. అందుకని గదికి విడిగా ఈబీ మీటరు ఉందా, లేక ఓనరు పెట్టిన సబ్ మీటరా అని ముందే అడగాలి. విడి మీటరైతే ఉచిత యూనిట్లు మీకే వస్తాయి. ఒకే మీటరు మీద ఐదు గదులుంటే ఆ వంద యూనిట్లు ఎవరికి పోయాయో కనపడదు. అందరి వాడకం కలిసి పై మెట్టు రేటు పడుతుంది, అది మన నెత్తిన వేస్తారు. దిగిన రోజున సబ్ మీటరు రీడింగ్ ఫోటో తీసి ఓనరుకే పంపండి.

నీళ్ళ కోసం అయితే నేను ఒకటే పని చేస్తాను. కుళాయి తిప్పి చేతికి సబ్బు రాసుకుంటాను. సముద్రం దగ్గర కాబట్టి ట్రిప్లికేన్‌లో చాలా బోర్లలో ఉప్పు నీళ్ళు పడతాయి, సబ్బు నురగ రాదు, బట్టలు బిరుసెక్కుతాయి, జుట్టు పోయిందని కుర్రాళ్ళు గోల పెడతారు. మెట్రో వాటర్, అంటే ఊరికి సరఫరా చేసే మంచినీళ్ళు, ఏ వేళల్లో వస్తుంది, మోటారు ఎవరు వేస్తారు, ఎండాకాలంలో లారీ నీళ్ళకి డబ్బు ఎవరిస్తారు అని ఓనరుని కాదు, అక్కడ ఇప్పుడు ఉంటున్నవాళ్ళని అడగండి. వరండాలో పళ్ళు తోముకుంటున్న మనిషి అబద్ధం చెప్పడు.

పాత వీధుల్లో ఇంకో రకం వాసం ఉంది. తమిళంలో దాన్ని ఒండుకుడిత్తనం అంటారు. నడవ చుట్టూ ఒక్కో గదిలో ఒక్కో కాపురం, అందరికీ ఒకే బావి, ఒకటో రెండో మరుగుదొడ్లు. అలాంటి ఇళ్ళలో గది దొరికితే మనుషుల తోడు బాగుంటుంది, ఏకాంతం ఉండదు.

ఆడపిల్లలకి ఈ లెక్క ఏదీ సరిపోదు

ఇంతవరకూ చెప్పిందంతా మగపిల్లాడి లెక్క. మాన్షన్లు మగవాళ్ళవే. మా పెద్దమ్మ మనవరాలు ఇదే మౌంట్ రోడ్డులో పనిచేస్తే ఆమె ముందున్నవి రెండే దారులు, మహిళా హాస్టలు లేదా తోడుంటే పోర్షన్. ఒంటరి అమ్మాయికి పోర్షన్ ఇచ్చేవాళ్ళు తక్కువ, ఇచ్చినా ఎప్పుడొస్తావు, ఎవరొస్తారు అనే ప్రశ్నలు ఆగవు. అదే జీతానికి అదే ఊళ్ళో ఆడపిల్ల గదికి ఎక్కువ కడుతుంది, తక్కువ స్వేచ్ఛ పొందుతుంది. ఇది అన్యాయం అని నేను గట్టిగానే అనుకుంటాను.

మహిళల, పిల్లల హాస్టళ్ళకి తమిళనాడులో 2014 నుంచి ప్రత్యేక చట్టం ఉంది. రిజిస్ట్రేషన్, లైసెన్సు లేకుండా నడపకూడదు. చూడటానికి వెళ్ళినప్పుడు ఆ లైసెన్సు చూపించమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. రాత్రి కాపలా ఎవరు, బయటికి రెండో మెట్లదారి ఉందా, సీసీ కెమెరా ఎక్కడెక్కడ ఉంది, ఇవన్నీ కళ్ళతో చూసుకోవాలి. ప్రభుత్వం తోళి పేరుతో ఉద్యోగినుల హాస్టళ్ళు నడుపుతోంది. తోళి అంటే నెచ్చెలి. అవి ఎక్కువగా ఊరి నడుమ ఉండవు, అయినా శుభ్రత, భద్రత చూసి చాలామంది ప్రయాణానికి సిద్ధపడతారు.

గది ఇవ్వకపోవడానికి చెప్పే కారణాలు ఇంకా ఉన్నాయి. గేటుకి వేలాడే బోర్డు మీద శాకాహారులకే అని ఉంటుంది. లోపలికి వెళ్తే ఊరేది, నాన్న ఏం చేస్తారు, ఇంటిపేరేమిటి అని మర్యాదగా అడుగుతారు. కులం అడుగుతున్నారని ఇద్దరికీ తెలుసు. మతం తెలిశాక గది అప్పుడే ఇచ్చేశామనడం కూడా విన్నాను. ఈ ప్రశ్నలు అడక్కుండా గది ఇచ్చే మాన్షన్లకి, వాటి ఇరుకుతో సహా, నేను ఎప్పుడూ ఒక మంచి మాట చెబుతాను.

టోకెన్ కట్టేముందు

ఫోటోలు చూసి, ఓనరు మిలిటరీలో ఉన్నాడని, వేరే ఊరికి బదిలీ అయిందని, టోకెన్ పంపితే తాళం కొరియర్ చేస్తానని చెప్పేవాడికి రూపాయి కూడా పంపొద్దు. గదిలో నిలబడకుండా డబ్బు కట్టొద్దు. ఆధార్ కాపీ అడిగితే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. కాపీ మీద అడ్డంగా గది అద్దె కోసం మాత్రమే అని తేదీతో రాయండి. డబ్బు బ్యాంకు నుంచో యూపీఐ నుంచో పోవాలి. నగదే కావాలంటే రశీదు తప్పనిసరి. ఆఫీసులో ఇంటి అద్దె అలవెన్సు కోసం కూడా ఆ రశీదే కావాలి. ఏడాది అద్దె లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు అడుగుతారు.

రెండో ఆదివారం సాయంత్రానికి మావాడు మాన్షన్‌కే మొగ్గాడు. ఆఫీసుకి పావుగంట నడక. రాత్రి తలుపేసుకుంటే చదువుకోవచ్చు. స్నానం ఆరింటికే చేసేస్తాను మామా అన్నాడు. మూడో అంతస్తులో, సందు వైపు కాకుండా వీధి వైపు ఒక గది వచ్చే ఒకటో తేదీకి ఖాళీ అవుతుందంటే దాని కోసం ఆగాం.

ఆ రోజు మేనేజరు రిజిస్టర్‌లో పేరు రాసి, రశీదు పుస్తకం తీసి తమిళంలో రెండు వరసలు రాసి, సంతకం పెట్టమని మావాడి ముందుకి జరిపాడు. వాడు పెన్ను తీసుకున్నాడు. నేను ఆపాను.

"అన్నా, ఇందులో ఏం రాశారు?"

"అడ్వాన్స్ పదమూడు వేలు ముట్టింది. నెల ముందు చెప్పి ఖాళీ చేస్తే వాపసు."

"మొత్తం వాపసా?"

ఆయన కాసేపు నా మొహం చూశాడు. "ఒక వెయ్యి క్లీనింగ్‌కి పోతుంది నాయనా. అందరికీ అంతే."

"అది రాయలేదు కదన్నా. రాయండి. పన్నెండు వేలు వాపసు అని కింద తెలుగులో కూడా రాయండి, వీడికి తమిళం రాదు."

ఆయన విసుక్కోలేదు. తెలుగు రాసి ఎన్నాళ్ళయిందో, అక్షరాలు గుర్తు చేసుకుంటున్నట్టు నెమ్మదిగా రాశాడు. పన్నెండు వేలు అని అక్షరాల్లో, పక్కనే అంకెల్లో. మావాడు దాన్ని రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టి, ఫోటో తీసి వాళ్ళమ్మకి పంపాడు. తర్వాత బకెట్ కొనడానికి జాంబజార్ వైపు నడిచాం.